మూడింట ఒక బొంకు

విజయనగరంలో కోటకు దగ్గరలో బొంకులదిబ్బ అని ఒక చోటున్నది. గురజాడవారి కన్యాశుల్కం మొదలయ్యేది అక్కడే. 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో ఎంతో మార్పుతో మళ్ళీ వెలువడిన ఆ నాటకంలో గిరీశం మొదట నోరు విప్పేది ఆ దిబ్బమీదనే. బొంకు అంటే అబద్ధమని ఈ పుట చదివేవారికి చెప్పనక్కరలేదు. గిరీశానికి అంతకన్న తగిన చోటు మా ఉత్తరాంధ్రలో మరొకటి లేదు.

అయితే ఈ టపా కన్యాశుల్కం గురించి కాదు, పేకాట గురించి. తెలుగు పండితుడిగా ఉద్యోగం చేసి విరమించినవాడికి పేకాటతో ఏమి పని అని మిత్రులు కొందరు ముక్కున వేలు వేసుకోవచ్చును. పని పడినది. ఎందుకు పడినదో చివరకు మనవి చేస్తాను. ముందుగా విషయంలోకి వస్తాను.

పోకర్ అనే ఆటలో పందాలు రెండు రకాలు. చేతిలో మంచి ముక్కలుండి, ఎదుటివాడు కూడా డబ్బు కలపాలని కోరుతూ కాసేది ఒకటి. దీనిని వాళ్ళు వేల్యూ బెట్ అంటారు. ముక్కలు లేకపోయినా ఉన్నట్టు నటించి, ఎదుటివాడు భయపడి తప్పుకోవాలని కోరుతూ కాసేది రెండవది. అది బ్లఫ్. మొదటిదాన్ని సరుకు పందెమనీ, రెండవదాన్ని బొంకు పందెమనీ అంటాను. మన మాటలుండగా అరువు మాటలెందుకు?

ఈ రెండింటినీ ఏ పాళ్ళలో కలపాలి? ఆటగాళ్ళు దాదాపు నూరేళ్ళుగా ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతున్నారు. దీనికి కచ్చితమైన అంకెల్లో జవాబున్నది. ఆ జవాబు అబద్ధం కన్న నిజాన్ని గురించే ఎక్కువ చెబుతుందని నా అభిప్రాయం.

*

పోకర్ మనది కాదు గాని, దాని దగ్గర చుట్టం మన పల్లెల్లో ఎన్నాళ్ళనుంచో ఉన్నది. అదే మూడు ముక్కలాట. ఉద్యోగం వచ్చిన కొత్తలో చీపురుపల్లి వైపు ఒక పల్లెలో ఉండేవాణ్ణి. సంక్రాంతి మూడు రోజులూ కళ్ళాల్లో లాంతర్లు పెట్టుకొని తెల్లవార్లూ ఆడేవారు. వరుసగా మూడు సంక్రాంతులు నేనూ కూర్చున్నాను. దాచుకోవలసిన పని లేదు. పావలా, అర్ధరూపాయి పందాలు.

నా పద్ధతి నాకుండేది. ముక్కలుంటేనే కాస్తాను, లేకపోతే పడేస్తాను. బడిలో హరిశ్చంద్రుడి పాఠం చెప్పినవాడిని కళ్ళంలో బొంకడమేమిటని నా అభిమానం. మొదటి రాత్రి నాలుగు డబ్బులు వచ్చాయి. రెండవ రాత్రికల్లా నా సంగతి అందరికీ తెలిసిపోయింది. నేను రూపాయి కాసీ కాయకముందే అవతలి పెద్దాయన ముక్కలు కింద పెట్టి, "మేస్టారు డబ్బులేసినారంటే ముక్కలున్నట్టే. ఒగ్గీండ్రా!" అనేవాడు. అందరూ నవ్వి వదిలేసేవారు. రాజులు జత పడినా నాకు వచ్చేది ఎత్తుబడి డబ్బులే. ముక్కలు లేని ఆటల్లో పోయేదీ ఎత్తుబడే. మూడు సంక్రాంతులకూ కలిపి నష్టపోయాను.

నా పక్కన ఒక బియ్యం మిల్లు గుమాస్తా కూర్చునేవాడు. ఆయనది నాకు పూర్తిగా వ్యతిరేకమైన పద్ధతి. ముక్కలు చూసినా చూడకపోయినా పందెం కాయడమే. మొదటి రాత్రి అందరినీ బెదరగొట్టి జేబు నింపుకున్నాడు. రెండవ రాత్రి ఆయన కాసిన ప్రతిసారీ ఎవడో ఒకడు "చూపించు" అన్నాడు. నా కన్న ముందే లేచి వెళ్ళిపోయాడు.

మూడు ముక్కలాటలో పంచగల చేతులు మొత్తం 22,100. మూడూ ఒకే అంకె ముక్కలు పడేవి వాటిలో 52 మాత్రమే. జత పడేవి 3,744. ఏమీ లేని చేతులు 16,440. అంటే నాలుగింట మూడుసార్లు మన చేతిలో చెప్పుకోదగ్గది ఏదీ ఉండదు. సరుకున్నప్పుడే నోరు విప్పుతానంటే ఆటలో ఎక్కువ భాగం మౌనవ్రతమే. పైగా ఆ వ్రతం సంగతి అవతలివాడికి తెలుసు. అప్పుడు నాకిది అర్థం కాలేదు. నేను ఓడిపోయినది ధర్మంవల్లనని సంతృప్తి పడ్డాను.

*

దాని వెనుక లెక్క ఉన్నదని నాకు చెప్పినవాడు మా మేనల్లుడు. బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం. 2018 సంక్రాంతికి వచ్చినప్పుడు నా పాత కథ విని పడిపడి నవ్వి, "మావయ్యా, మీరు ఓడిపోయింది ధర్మంవల్ల కాదు, పాళ్ళు తెలీక" అని కాగితం తీశాడు. ఆ కాగితంమీద వాడు వేసిన లెక్కనే నా మాటల్లో చెబుతాను.

ఆఖరు పందెం అనుకోండి. మధ్యన కుప్పలో 100 రూపాయలున్నాయి. నేను మరో 100 కాశాను. ఎదుటివాడికి రెండే దారులు. వదిలేయాలి, లేదా తనూ 100 పెట్టి చూడాలి. నా దగ్గర సరుకుంటే నేను గెలుస్తాను, బొంకైతే వాడు గెలుస్తాడు.

ఇటువంటి సందర్భాలు చాలా వచ్చాయనీ, వాటిలో 20సార్లు నాకు నిజంగా సరుకుందనీ అనుకుందాం. ఆ 20సార్లు మాత్రమే కాస్తే, నా సంగతి ఎరిగినవాడు 20సార్లూ వదిలేస్తాడు. నాకు ముట్టేది 2,000. ఇది నా చీపురుపల్లి పద్ధతి.

ఇప్పుడు ఆ 20కి తోడు ఏమీ లేని చేతులతో మరో 10సార్లు కాశాననుకోండి. వాడు ప్రతిసారీ వదిలేస్తే 30 కుప్పలూ నావే. అంటే 3,000. పోనీ, ప్రతిసారీ చూస్తాడా? 20సార్లు కుప్పలోని 100తో పాటు వాడి 100 కూడా నాకు వస్తుంది, 4,000. 10సార్లు నా 100 పోతుంది, 1,000. మిగిలేది మళ్ళీ 3,000. వాడు వదిలినా, చూసినా, సగంసార్లు వదిలి సగంసార్లు చూసినా నాకు వచ్చేది మారదు. ఏది చేసినా ఒకటే అయిన స్థితిలోకి వాడిని నెట్టాను. పాళ్ళు కుదిరాయి అంటే అర్థం ఇదే.

మరి అత్యాశకు పోయి 20 సరుకులకు 20 బొంకులు కలిపితే? వాడు ప్రతిసారీ చూస్తాడు. 4,000 వస్తుంది, 2,000 పోతుంది. మిగిలేది 2,000. అసలు బొంకనివాడికి వచ్చినంతే! ఇంకా ముందుకుపోయి 40 బొంకితే 4,000 వచ్చి 4,000 పోయి చేతిలో సున్న మిగులుతుంది. ఇది మిల్లు గుమాస్తా పద్ధతి.

ఈ మూడు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. బొంకనివాడికి 2,000. మూడింట ఒక బొంకు కలిపినవాడికి 3,000. సగానికి సగం బొంకినవాడికి తిరిగి 2,000. నేను దాన్ని ధర్మమన్నాను, గుమాస్తా ధైర్యమన్నాడు. ఇద్దరమూ పాళ్ళు తప్పాము.

పందెం పరిమాణాన్నిబట్టి పాలు మారుతుంది. కుప్పలో సగం కాస్తే నాలుగింట ఒకటే బొంకాలి. కుప్పకు రెట్టింపు కాస్తే ఐదింట రెండు బొంకవచ్చు. ఎంత పెద్ద పందెం కాసినా సగానికి చేరకూడదు. అంటే ఏ పరిస్థితిలోనూ నిజం కన్న బొంకు ఎక్కువ కాకూడదు. నాకు అన్నిటికన్న నచ్చిన విషయమిదే. నీతిశాస్త్రం కాదు, కూడికలు తీసివేతలు చెప్పిన మాట ఇది.

చూసేవాడికీ ఒక లెక్కున్నది. కుప్పంత పందెం వస్తే రెండింట ఒకసారి చూడాలి. అంతకన్న తక్కువ చూస్తే బొంకేవాడికి పండగ. సగం కుప్ప పందేనికి మూడింట రెండుసార్లు, రెట్టింపు పందేనికి మూడింట ఒకసారి. ప్రతిదాన్నీ శంకించేవాడూ నష్టపోతాడు, ప్రతిదాన్నీ నమ్మేవాడూ నష్టపోతాడు.

*

దీనికి మూలపురుషుడు హంగరీలో పుట్టిన గణితవేత్త జాన్ ఫాన్ నాయ్‌మన్. 1928లో ఆటల సిద్ధాంతానికి పునాది వేసిన వ్యాసం వ్రాశాడు. 1944లో మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి వెలువరించిన గ్రంథంలో పోకర్‌కు ప్రత్యేకంగా చోటిచ్చాడు. బొంకడానికి ఆయన రెండు ప్రయోజనాలు చెప్పాడు. ఒకటి అందరికీ తెలిసినదే, లేని బలం ఉన్నట్టు కనిపించడం. రెండవది సూక్ష్మమైనది. అప్పుడప్పుడు బొంకుతాడని పేరుంటేనే, నిజంగా బలం ఉన్న రోజున ఎదుటివాడు అనుమానించి డబ్బు పెడతాడు. అంటే పట్టుబడిన బొంకు కూడా పూర్తిగా వృథా కాదు. రేపటి నిజానికి అది గిరాకీ తెస్తుంది.

ఏ చేతులతో బొంకాలన్న ప్రశ్నకు ఆయన లెక్కలో వచ్చిన జవాబు మరీ విచిత్రం. అన్నిటికన్న మంచి చేతులతోనూ, అన్నిటికన్న చెడ్డ చేతులతోనూ కాయాలి. మధ్యరకం చేతులతో ఊరుకోవాలి. కొద్దిపాటి ముక్కలున్నవాడు చూపించుకున్నా గెలిచే అవకాశముంది, వాడు బొంకి దాన్ని చెడగొట్టుకోరాదు. ఏమీ లేనివాడికి పోయేదేమీ లేదు కనుక బొంకు వాడికి చెల్లుతుంది. లోకంలో జరిగేది దీనికి తలకిందులని నా అనుభవం. పూర్తిగా లేనివాడు నోరు మెదపడు. అరకొరగా ఉన్నవాడే ఉన్నదానికి రెండింతలు చెప్పుకుంటాడు.

2017 జనవరిలో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో లిబ్రాటస్ అనే కంప్యూటరు నలుగురు ఆరితేరిన ఆటగాళ్ళతో 1,20,000 చేతులు ఆడి గెలిచింది. దానికి ఎదుటివాడి ముఖం చూసి మనసు గ్రహించే విద్య లేదు, తన ముఖం దాచుకునే అవసరమూ లేదు. పాళ్ళు తప్పకపోవడం దాని బలం. బొంకడమంటే ముఖ కవళికలు దాచుకోవడమని సినిమాలు నేర్పినది చాలవరకు కల్ల.

మన పెద్దలకు ఈ సంగతి తెలియదా? తెలుసును. నన్నయగారి అరణ్యపర్వంలో నలోపాఖ్యానం చదివినవారు జ్ఞాపకం చేసుకోండి. రథంమీద పోతూ ఋతుపర్ణుడు దారిలో తాండ్ర చెట్టు ఆకులూ కాయలూ లెక్కచెప్పాడు. నలుడు దిగి లెక్కపెట్టి చూస్తే సరిపోయింది. అప్పుడు అశ్వహృదయాన్నిచ్చి అక్షహృదయాన్ని పుచ్చుకున్నాడు. చెట్టంతా లెక్కపెట్టకుండా చెట్టు లెక్క చెప్పే విద్యకూ, జూదం మర్మానికీ చుట్టరికమున్నదని ఆ కథ చెప్పినవారు ఎరుగుదురు. సంభావ్యతా శాస్త్రం చరిత్రను 1975లో వ్రాసిన ఇయన్ హాకింగ్ కూడా ఈ కథను ప్రత్యేకంగా పేర్కొన్నాడు. ఆ విద్య పట్టుబడిన క్షణాన నలుణ్ణి కలిపురుషుడు విడిచిపోయాడు. ఇన్నేళ్ళు పాఠం చెప్పి కూడా ఈ ముడి నాకు తెలియలేదు. కాగితంమీద లెక్క చూశాకనే తెలిసింది.

*

నా మేనల్లుడి లెక్క విన్న తరువాత నా తరగతి గది కూడా నాకు కొత్తగా కనబడింది. నేనెరిగిన తొలి బొంకు నిపుణులు ఏడవ తరగతి పిల్లలు.

"నిన్నటి పద్యం ఎవరికి వచ్చు?" అని అడిగితే చేతులు లేచేవి. నేను సహజంగానే చెయ్యెత్తనివాడిని లేపేవాణ్ణి. నాలుగు రోజుల్లో పిల్లలు నా గుట్టు కనిపెట్టారు. పద్యం రానివాడు అందరికన్న ముందు, అందరికన్న ఎత్తుగా చెయ్యెత్తడం మొదలుపెట్టాడు. నేను నమ్మి వాడిని వదిలేసేవాణ్ణి. ఒక రోజు అనుమానం వచ్చి చెయ్యెత్తినవాణ్ణే లేపాను. తరగతంతా ఘొల్లుమంది. ఆనాటినుంచి ఒకసారి ఎత్తినవాణ్ణీ, ఒకసారి ఎత్తనివాణ్ణీ, ఏ వరుసా లేకుండా లేపేవాణ్ణి. అప్పుడు పిల్లలకు మిగిలిన సుఖమైన దారి పద్యం నేర్చుకోవడమే.

నేను చేసినది, తెలియకుండానే, చూసేవాడి పాళ్ళు సవరించుకోవడం. అంతకుముందు పిల్లలు బొంకడానికి వాళ్ళ దుర్మార్గం కారణం కాదు. చెయ్యెత్తినవాణ్ణి ఎన్నడూ పరీక్షించని నా అలవాటే కారణం. బొంకు ఎక్కువైన చోట బొంకేవాడితో పాటు, ఎన్నడూ "చూపించు" అనని వాళ్ళకూ అందులో భాగమున్నది. మన ఎన్నికల వాగ్దానాలకు కూడా ఇది వర్తిస్తుందో లేదో మీరే ఆలోచించండి.

ఇక గిరీశం. పూటకూళ్ళమ్మకు సామాను కొనిపెడతానని తీసుకున్న డబ్బు మొదలుకొని సౌజన్యారావు పంతులు ఎదుట వేసిన సంస్కర్త వేషం దాకా అతని చేతిలో సరుకన్నది లేదు. అన్నీ బొంకు పందాలే. అయినా అంత దూరం ఎలా నడిచాడు? ఊరు మార్చడంవల్ల. విజయనగరంలో గుట్టు బయటపడేసరికి కృష్ణరాయపురం అగ్రహారం చేరాడు, తరువాత విశాఖపట్నం. ప్రతి చోటా కొత్తవాళ్ళు, అతని పాత చేతులు చూడనివాళ్ళు. చివరకు పాత చేతులన్నీ చూసిన మధురవాణి ఒక్కతె అదే బల్ల దగ్గర కూర్చునేసరికి ఆట ముగిసిపోయింది. మధురవాణీ బొంకుతుంది. ఆఖరున మగవేషం వేసుకొనే సౌజన్యారావు దగ్గరకు వచ్చింది. కాని ఆమె బొంకుల పక్కన నిజాలున్నాయి. తన సంగతి తానే బయటపెట్టుకున్నది. కనుకనే ఆమె మాట చెల్లినది, గిరీశానిది చెల్లలేదు.

*

ఇంతవరకు చెప్పినది చదివి, అయితే బొంకడం మంచిదేనంటావా అని మీరు నన్ను నిలదీయవచ్చును. ఇప్పుడు నాకు పని పడిన సంగతి చెబుతాను.

లెక్క చెప్పిన ఆ మేనల్లుడు అప్పటికే ఫోనులో పోకర్ ఆడుతున్నాడు. చిన్న పందాలు, కొద్దిపాటి లాభాలు. 2020 వేసవిలో అందరూ ఇళ్ళలో ఉండిపోయిన కాలంలో పెద్ద బల్లలకు ఎక్కాడు. జీతం పోయింది, దాచుకున్నది పోయింది. ఒక రోజు మా చెల్లెలికి ఫోను చేసి, విశాఖపట్నంలో ఫ్లాటుకు అడ్వాన్సు ఇవ్వాలి, వారంలో కట్టకపోతే చేజారిపోతుంది అన్నాడు. ఆవిడ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. గాజులూ, గొలుసూ తాకట్టుపెట్టి పంపింది. వాడు పుట్టినప్పటినుంచి తల్లితో అబద్ధమాడి ఎరగడు. అదే ఆవిడకున్న రుజువు.

సంగతి బయటపడ్డ తరువాత వాడు నా దగ్గర కూర్చుని తల వంచుకొని ఒక మాటన్నాడు. "నా లెక్కలో తప్పేం లేదు మావయ్యా. అక్కడ కూర్చున్న వాళ్ళందరికీ అదే లెక్క వచ్చు." నా ముందు వేసిన కాగితంమీద లేనిది ఇదే. పాళ్ళు కుదిరిన ఆట మనల్ని ఎదుటివాడి చేతికి చిక్కకుండా కాపాడుతుంది, అంతే. లాభం రావాలంటే ఎదుటివాడు తప్పు చేయాలి. అందరూ పాళ్ళు ఎరిగినవాళ్ళే అయితే ఒకరినుంచి ఒకరికి డబ్బు అటూ ఇటూ తిరుగుతుంది. ప్రతి కుప్పనుంచీ బల్ల నడిపేవాడు తన వంతు తీసుకుంటాడు. నూటికి ఐదు అనుకుందాం. నూరు రూపాయల కుప్పలు వెయ్యి ఆడేసరికి ఐదువేలు ఆటగాళ్ళ జేబులనుంచి శాశ్వతంగా వెళ్ళిపోతాయి. ఆయన బొంకడు, ముక్కలు పట్టడు, ఓడడు.

దీనికి చట్టాలున్నాయి. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడినదనీ, మూడు ముక్కలాట కేవలం అదృష్టంమీద నడిచేదనీ సుప్రీంకోర్టు 1967లో మన రాష్ట్రంనుంచి వెళ్ళిన కేసులోనే చెప్పింది. 2017లో తెలంగాణ, 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా చట్టం చేసింది. నేను వాటిని సమర్థిస్తాను. అయితే ఇన్నేళ్ళూ వాదమంతా ఇది నైపుణ్యమా, అదృష్టమా అన్నదానిచుట్టూనే తిరిగింది. మా మేనల్లుడికి నైపుణ్యం లేదని నేను చెప్పలేను. ఉన్నందువల్లనే వాడు పెద్ద బల్ల ఎక్కాడు. ఏమీ రానివాడైతే చిన్న బల్ల దగ్గరే భయపడి లేచిపోయేవాడు.

*

ఆ రాత్రి నాకు ద్రోణపర్వం జ్ఞాపకం వచ్చింది. అశ్వత్థామ చనిపోయాడని భీముడు కేక వేస్తే ద్రోణుడు నమ్మలేదు. ధర్మరాజు చెబితే నమ్మాడు. ఎందుకు? ఆయన జీవితమంతా సరుకు పందాలే కనుక. ఒక్కనాడూ బొంకనివాడి మొదటి బొంకును పట్టగలవాడు ఉండడు. లెక్క ప్రకారం చూస్తే అంత లాభసాటి పందెం ఇంకొకటి లేదు. కాని అంతవరకు నేలకు నాలుగంగుళాల పైన నడిచిన ఆయన రథం ఆ క్షణాన నేలకు దిగింది. మళ్ళీ లేవలేదు.

పేకబల్ల దగ్గరి బొంకుకూ దీనికీ భేదమేమిటని చాలా ఆలోచించాను. నాకు తోచినది ఇది. బల్ల దగ్గర కూర్చున్నవాడు, నువ్వు బొంకవచ్చు, నేను పట్టుకుంటాను అని ముందే ఒప్పుకొని కూర్చుంటాడు. అక్కడ ఎవరి రథమూ నేలను విడిచి నడవదు. కనుక అక్కడి బొంకు అబద్ధం కాదు, ఆటలో ఒక ఎత్తు మాత్రమే. ద్రోణుడు అటువంటి ఒప్పందమేదీ చేసుకోలేదు. ఆయన శిష్యుణ్ణి అడిగాడు. మా చెల్లెలూ చేసుకోలేదు. ఆవిడ కొడుకు మాట విన్నది.

అందుచేత బొంకుకు హద్దులు రెండు. మొదటిది పాలు. దాన్ని లెక్క నిర్ణయిస్తుంది, దాటినవాడికి ఆ బల్ల దగ్గరే శిక్ష పడుతుంది. రెండవది సమ్మతి. దాన్ని ఎదుటివాడు ఇవ్వాలి. ఇది దాటినవాడికి తక్షణం శిక్ష పడదు, పైగా లాభం కనిపిస్తుంది. గిరీశం రెండూ దాటాడు. మా వాడు మొదటి హద్దును నాకన్న బాగా ఎరుగును, రెండవదాన్ని ఎరగడు. వాడికి దాన్ని ఎవరు నేర్పాలి? పేకాట పాపమని ఒక్క ముక్కలో తేల్చి, ఇంకేమీ చెప్పని నావంటి వాళ్ళమే కదా నేర్పవలసినది.

కనుక నేటి ఉపాధ్యాయులకు నాదొక మనవి. పై తరగతి పిల్లలకు ఈ లెక్క బోర్డుమీద వేసి చూపండి. 2,000, 3,000, 2,000. డబ్బు లేకుండా చింతగింజలతో ఆడించినా సరే. నిజం ఎక్కువగా ఉంటేనే బొంకు చెల్లుతుందని చూపండి. అందరికీ లెక్క వస్తే లాభం బల్ల నడిపేవాడిదేనని కూడికలతో చూపండి. ఆ తరువాత ద్రోణపర్వం పాఠం చెప్పండి. పాపమని చెప్పి దాచినదాన్ని పిల్లలు ఎలాగూ ఫోనులో నేర్చుకుంటారు. అక్కడ మొదటి సగమే దొరుకుతుంది.

మా చెల్లెలి గాజులు కిందటేడు విడిపించాం. మేనల్లుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు, ఆడడం మానేశాడు. నెలనెలా తల్లికి డబ్బు పంపుతాడు. ఆవిడ తీసుకుంటుంది. అయితే ఇప్పుడు వాడు ఫోనులో ఏది చెప్పినా విని, పెట్టేసిన తరువాత నాకు చేసి, "నిజమేనంటావా అన్నయ్యా?" అని అడుగుతుంది. నిజమేనని చెబుతాను. రెండవ రోజు మళ్ళీ అడుగుతుంది.

పెద్దలు, విజ్ఞులు తమ అభిప్రాయం తెలియజేయ ప్రార్థన. లెక్కలో పొరపాటుంటే దిద్దండి, నేను తెలుగు పండితుణ్ణే గాని లెక్కల మాస్టారిని కాను.

స్వస్తి.